బౌండరీ దగ్గర ప్రెషర్ మారుతూ ఉంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శీర్షిక మొత్తం ఒకే సబ్జెక్ట్ మీద. ఇసక, మట్టి, రాయి లాంటి పోరస్ మీడియాలో, అంటే లోపల సన్నని ఖాళీలున్న పదార్థాల్లో, నీళ్లో ఆయిలో ఎలా కదుల్తుందో సిమ్యులేషన్ చేసేవాళ్లు చాలామంది రాశారు, అందరి గొడవా దాదాపు ఒకటే, బౌండరీ దగ్గర, అంటే మోడల్ అంచు దగ్గర, ప్రెషర్ టైంతో పాటు మారుతోంది, దాన్ని మోడల్‌కి ఎలా ఇవ్వాలి, ఇచ్చాక రిజల్ట్ ఎందుకిలా తగలడుతోంది అని. ఒకేలా ఉన్న ఉత్తరాలు కలిపేశాను, పొడుగ్గా ఉన్నవి కుదించాను.

ప్రశ్న: సార్, నాది 100 మీటర్ల పొడవున్న శాండ్‌స్టోన్ మోడల్, సింపుల్‌గా ఒకే డైమెన్షన్. ఎడమ చివర సెన్సార్ నుంచి 10 నిమిషాలకోసారి ప్రెషర్ రీడింగ్ ఉంది, దాన్నే టేబుల్‌గా చేసి బౌండరీకి ఇచ్చాను. టైం స్టెప్ 1 గంట. రన్ అయితే అవుతోంది గానీ డేటాలో ఉన్న పీక్‌లు కొన్ని మోడల్‌లో అస్సలు కనపడట్లేదు, స్టెప్ మారిస్తే కర్వ్ కూడా మారిపోతోంది. సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందంటారా?

జవాబు: బగ్ కాదండీ. మీ టేబుల్‌లో 10 నిమిషాలకో నంబర్ ఉంటే ఉండొచ్చు, సాల్వర్, అంటే ఈక్వేషన్లు సాధించే ప్రోగ్రామ్, మాత్రం తన స్టెప్ ఎక్కడ ఆగుతుందో అక్కడికే వెళ్లి ఆ ఒక్క నంబరే చదువుకుంటుంది. బ్యాక్‌వర్డ్ ఆయిలర్ అనే టైం స్టెప్ పద్ధతి వాడేవాళ్లకి స్టెప్ చివరి టైం దగ్గరున్న విలువ ఒక్కటే లెక్కలోకొస్తుంది, మధ్యలో ఉన్న ఐదు రీడింగులూ గాల్లో కలిసినట్టే. 2 గంటల 20 నిమిషాలప్పుడు పీక్ వచ్చి 2 గంటల 40 నిమిషాలకల్లా తగ్గిపోయిందనుకోండి, 2 గంటలకీ 3 గంటలకీ మాత్రమే తొంగిచూసే సాల్వర్‌కి ఆ పీక్ సంగతే తెలీదు.

అయితే వెంటనే స్టెప్ తగ్గించేయకండి. ముందు ఆ పీక్ మీకు అవసరమా కాదా అనేది తేల్చుకోవాలి, దానికి ఒక చిన్న లెక్క చాలు. 1856లో డార్సీ ఇసక ఫిల్టర్ల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రానికి మాస్ బ్యాలెన్స్ కలిపితే ప్రెషర్ కూడా వేడి పాకినట్టే డిఫ్యూజన్ ఈక్వేషన్ ప్రకారం పాకుతుందని తేలుతుంది. అది ఎంత వేగంగా పాకుతుందో చెప్పేది డిఫ్యూజివిటీ, అది కావాలంటే పర్మియబిలిటీని (నీళ్లు ఎంత తేలిగ్గా పారనిస్తుందో) తీసుకుని పోరాసిటీ (ఖాళీల వాటా), విస్కాసిటీ (నీటి చిక్కదనం), టోటల్ కంప్రెసిబిలిటీ (ప్రెషర్‌కి ఎంత నొక్కుకుంటుందో) మూడింటి లబ్ధంతో భాగించండి. మీ శాండ్‌స్టోన్ పర్మియబిలిటీ 10 పవర్ మైనస్ 13 చదరపు మీటర్లు అనుకుందాం, అంటే సుమారు 100 మిల్లీడార్సీలు, పోరాసిటీ 0.2, నీటి విస్కాసిటీ 0.001 పాస్కల్ సెకండ్, కంప్రెసిబిలిటీ 10 పవర్ మైనస్ 9, అప్పుడు డిఫ్యూజివిటీ సెకండ్‌కి 0.5 చదరపు మీటర్లు వస్తుంది. దూరాన్ని స్క్వేర్ చేసి దీంతో భాగిస్తే టైం వస్తుంది, 100 మీటర్లకి 20,000 సెకండ్లు, ఐదున్నర గంటలు. తిప్పి వేస్తే 10 నిమిషాల్లో, అంటే 600 సెకండ్లలో, ప్రెషర్ మార్పు పోగలిగేది దాదాపు 17 మీటర్లు.

ఇప్పుడు విషయం తేలిపోయింది చూడండి. మీరు 60 మీటర్ల దగ్గర ప్రెషర్ చూస్తుంటే ఆ 10 నిమిషాల పీక్‌లు దారిలోనే అరిగిపోతాయి, మీ డేటాని గంటగంటకీ సగటు తీసి ఇస్తే చాలు, కానీ సగటే ఇవ్వాలి, గంట కొట్టినప్పుడు ఏ రీడింగ్ ఉంటే అది కాదు. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. గంటకో రీడింగ్ ఏరుకుంటే ఒకవేళ అది సరిగ్గా పీక్ మీద పడితే గంటసేపూ అదే ప్రెషర్ ఉన్నట్టు లోపలికి నీళ్లు తోసేస్తుంది. అదే మీరు బౌండరీకి 5 మీటర్లలో ఏం జరుగుతోందో చూస్తుంటే మాత్రం తప్పదు, స్టెప్ 10 నిమిషాల కంటే బాగా తక్కువ పెట్టుకోవాల్సిందే.

ఆటోమేటిక్ టైం స్టెప్ వాడేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. కామ్సోల్ లాంటి సిమ్యులేషన్ ప్యాకేజీల్లో సాల్వర్, అంతా ప్రశాంతంగా ఉంది కదా అని స్టెప్ పెంచుకుంటూ పోతుంది, మీరు ఇచ్చిన చిన్న పల్స్ మీదుగా ఒక్క దూకు దూకేసి అసలది లేనట్టే ముందుకెళ్లిపోతుంది. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు. మ్యాగ్జిమం స్టెప్ మీద లిమిట్ పెట్టండి, లేదంటే ప్రెషర్ మారే టైంలు సాల్వర్‌కి ముందే చెప్పి అక్కడ ఆగి తీరేలా చేయండి, ఈ సదుపాయం ఏదో ఒక పేరుతో దాదాపు అన్ని ప్యాకేజీల్లోనూ ఉంటుంది.

ప్రశ్న: మా దగ్గర క్లే. అదే లెక్క మాకూ పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది, నంబర్లు చూసి భయపడకండి అంతే. పర్మియబిలిటీ 10 పవర్ మైనస్ 18, పోరాసిటీ 0.3, కంప్రెసిబిలిటీ 10 పవర్ మైనస్ 8 వేసి చూస్తే 1 మీటర్ దాటడానికే 35 రోజులు పడుతుంది. గంటగంటకీ డేటా ఇచ్చి కంప్యూటర్‌ని ఏడిపించే బదులు వారం సగటు ఇచ్చినా తేడా రాదు, బౌండరీని ఆనుకుని ఉన్న అర మీటర్ మీకు ముఖ్యమైతే తప్ప.

ప్రశ్న: అన్నా, ఫైనైట్ ఎలిమెంట్ కోడ్ (మోడల్‌ని చిన్న ముక్కలు చేసి, అవి కలిసే నోడ్‌ల దగ్గర లెక్కించేది) నేనే రాసుకున్నా. బౌండరీలో ప్రెషర్ ఒక్కసారిగా 2 బార్లు పెంచితే పక్క నోడ్‌లో ప్రెషర్ పెరగడం పోయి తగ్గుతోంది! టైం స్టెప్ చిన్నది చేస్తే బాగుపడుద్దనుకున్నా, ఇంకా ఎక్కువైంది. పిచ్చెక్కుతోంది.

జవాబు: ఇది ఈ ఫీల్డ్‌లో పాత జబ్బే తమ్ముడూ, మందు కూడా ఎప్పుడో దొరికింది. 1981లో వెర్మీర్, వెర్రూట్ అని ఇద్దరు కన్సాలిడేషన్, అంటే నీళ్లు పోయేకొద్దీ మట్టి కుదించుకుపోయే లెక్కల మీద ఒక పేపర్ రాశారు, దాని సారం ఏంటంటే టైం స్టెప్‌కి పై లిమిట్ ఒక్కటే కాదు, కింద లిమిట్ కూడా ఉంటుంది. లీనియర్ ఎలిమెంట్లు, బ్యాక్‌వర్డ్ ఆయిలర్ అయితే ఎలిమెంట్ సైజు స్క్వేర్‌ని డిఫ్యూజివిటీకి 6 రెట్లతో భాగించగా వచ్చినదానికంటే స్టెప్ తక్కువ ఉండకూడదు. పైన చెప్పిన శాండ్‌స్టోన్‌లో 5 మీటర్ల ఎలిమెంట్ పెడితే అది దాదాపు 8 సెకండ్లు. నువ్వు 1 సెకండ్ పెట్టి ఉంటావు, అందుకే ఊగుతోంది.

కారణం చూస్తే వింతగా అనిపిస్తుంది కానీ సింపులే. కన్సిస్టెంట్ మాస్ మ్యాట్రిక్స్‌లో, అంటే స్టోరేజ్ (ప్రెషర్ మారితే ఖాళీల్లో చేరే నీళ్లు) లెక్క ఉండే మ్యాట్రిక్స్‌లో, పక్కపక్క నోడ్‌లు ముడిపడి ఉంటాయి. స్టెప్ మరీ చిన్నదైతే ఆ కాస్త టైంలో నీళ్లు పారడానికి వీల్లేదు, స్టోరేజ్ టర్మ్ ఒక్కటే మిగులుతుంది, బౌండరీ నోడ్ పైకి లేచింది కాబట్టి మొత్తం లెక్క సున్నా అవ్వాలంటే పక్క నోడ్ కిందికి దిగాలి, దిగుతుంది. దాని పక్కది కొంచెం లేస్తుంది. అలా రంపం పళ్లలా గ్రాఫ్ వస్తుంది.

మాస్ మ్యాట్రిక్స్‌ని లంప్ చెయ్, అంటే వరసలో ఉన్నవన్నీ కూడి డయాగనల్‌లో పడెయ్, ఊపు ఆగుద్ది, నేనైతే ముందు ఇదే చేస్తా. ఫైనైట్ వాల్యూమ్, అంటే సెల్ సెల్‌కీ నీళ్ల లెక్క చూసే పద్ధతి, వాడేవాళ్లకి ఈ బాధ లేకపోవడానికి కారణం కూడా ఇదే, వాళ్లకి స్టోరేజ్ ఎప్పుడూ సెల్‌లోనే ఉంటుంది. లేదంటే బౌండరీ దగ్గర మెష్ సన్నగా చెయ్, ఎలిమెంట్ సగమైతే కింద లిమిట్ నాలుగో వంతుకి పడిపోద్ది. 2 బార్లూ ఒక్క దెబ్బలో కాకుండా కొన్ని స్టెప్పుల మీద పెంచుకుంటూ పోవడం కూడా చేస్తారు, నిజం ప్రపంచంలో ఏ వాల్వూ సున్నా సెకండ్లలో తెరుచుకోదు కాబట్టి అది మోసమేం కాదు.

సొంత కోడ్ అన్నావు కాబట్టి ఇంకోటి చెక్ చేసుకో. ఫిక్స్‌డ్ నోడ్‌లని ఈక్వేషన్లలోంచి తీసేసేటప్పుడు వాటి ప్రెషర్‌ని స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ (ఫ్లో లెక్క ఉండేది) కాలమ్‌తో గుణించి కుడివైపుకి పంపుతాం, అది అందరూ చేస్తారు. ప్రెషర్ స్థిరంగా ఉన్నంతకాలం అంతే చాలు. ప్రెషర్ మారుతుంటే మాత్రం మాస్ మ్యాట్రిక్స్ కాలమ్ కూడా ఉంది, దాన్ని ఈ స్టెప్‌లో బౌండరీ ప్రెషర్ ఎంత మారిందో దాంతో గుణించి, టైం స్టెప్‌తో భాగించి అది కూడా కుడివైపు నుంచి తీసెయ్యాలి. పుస్తకాల్లో ఉదాహరణలు చాలావరకు స్థిరమైన బౌండరీతోనే ఉంటాయి కాబట్టి ఈ ముక్క కోడ్‌లోకి రాదు, రాకపోతే మాస్ బ్యాలెన్స్ ఎప్పటికీ కుదరదు. లంప్ చేశావంటే ఆ టర్మ్ దానంతటదే సున్నా అయిపోద్ది, లంప్ చెయ్యమని పోరేది అందుకు కూడా.

ప్రశ్న: మట్టి ఆనకట్టలో సీపేజ్ (నీళ్లు ఊరడం) సిమ్యులేషన్ చేస్తున్నామండీ. రిజర్వాయర్ లెవెల్ 30 మీటర్ల నుంచి 20 మీటర్లకి దిగుతుంది. ఎగువ వాలు మీద ప్రెషర్‌కి టైంతో మారే ఫంక్షన్ రాశాను, నీటిమట్టంలోంచి ఎత్తు తీసేసి, నీటి సాంద్రతతోనూ గ్రావిటీతోనూ గుణించాను. లెవెల్ దిగాక వాలు పైభాగంలోంచి నీళ్లు బయటికి రావాలి కదా, వస్తున్నాయి గానీ మరీ ఎక్కువగా వస్తున్నాయి.

జవాబు: ముందుగా మీకో దండం, వాలు మొత్తానికీ ఒకే ప్రెషర్ ఇచ్చేయకుండా ఎత్తుతో పాటు మార్చారు. నాకొచ్చే మోడల్స్‌లో నిలువు బౌండరీకి పైనుంచి కిందదాకా ఒకే నంబర్ పెట్టేసి, ఆ తర్వాత పంపింగ్ ఏమీ లేకుండానే నీళ్లు గుండ్రంగా ఎందుకు తిరుగుతున్నాయి అని అడిగేవాళ్లే ఎక్కువ.

మీ ఫార్ములాలో లోపం లేదు, అది ఎక్కడిదాకా పనికొస్తుంది అన్నదే గొడవ. 25 మీటర్ల ఎత్తున ఉన్న ఒక పాయింట్ తీసుకోండి. మొదట్లో దాని మీద 5 మీటర్ల నీళ్లున్నాయి, 49 కిలోపాస్కల్స్, కరెక్టే. లెవెల్ 20కి దిగాక మీ ఫార్ములా అక్కడ మైనస్ 49 కిలోపాస్కల్స్ ఇస్తుంది. అంటే గాలికి తెరుచుకుని ఉన్న ఆ వాలు మీద ఎవరో వాక్యూమ్ పంప్ పెట్టి నీళ్లు లాగుతున్నట్టు లెక్క! మరీ ఎక్కువ రావడం అందుకే.

నీటిమట్టం కింద ఉన్న భాగానికి మీ ఫార్ములా ఉంచండి. పైన తేలిన భాగానికి బౌండరీ టైపే మారాలి, దీన్ని సీపేజ్ ఫేస్ అంటారు. అక్కడ రూల్ ఏంటంటే లోపలి నుంచి నీళ్లు బయటికొస్తుంటే ప్రెషర్ అట్మాస్ఫియరిక్, అంటే గేజ్ లెక్కలో (గాలి ప్రెషర్‌ని సున్నా అనుకుని కొలిస్తే) సున్నా. లోపల ప్రెషర్ సున్నా కంటే తక్కువుంటే ఆ పాయింట్‌ని మూసేయాలి, ఫ్లో లేదు. ఏ నోడ్ ఏ గుంపులో ఉందో ముందే తెలీదు కాబట్టి ప్రతి ఇటరేషన్‌లోనూ చూసుకుంటూ మార్చాలి, సున్నా పెట్టిన నోడ్‌లోంచి నీళ్లు లోపలికి వస్తున్నట్టు కనపడితే మూసెయ్, మూసిన నోడ్‌లో ప్రెషర్ పాజిటివ్ అయితే తెరువ్. ఒక్కోసారి ఒకే నోడ్ ప్రతి ఇటరేషన్‌కీ అటూ ఇటూ దూకుతూ కన్వర్జ్ కాకుండా సతాయిస్తుంది, అప్పుడు ఫిక్స్‌డ్ ప్రెషర్ బదులు, ప్రెషర్ సున్నా కంటే ఎంత పైన ఉంటే అంత ఫ్లో బయటికి పోయేలా ఒక పెద్ద కండక్టెన్స్‌తో ఫ్లక్స్ ఇవ్వండి, సున్నా కింద ఫ్లక్స్ సున్నా. మూస్ (MOOSE) అనే సిమ్యులేషన్ ప్యాకేజ్‌లో పోరస్ ఫ్లో మాడ్యూల్ వాడేవాళ్లు దాదాపు ఇదే పద్ధతిలో పోతారు, సాల్వర్‌కి కూడా హాయి.

సీపేజ్‌తో పాటు మట్టి డిఫార్మేషన్ కూడా కలిపి చేస్తుంటే ఒక జాగ్రత్త. నీళ్లు దిగినప్పుడు వాలు మీద పోర్ ప్రెషర్ ఒక్కటే మారదు, ఆ నీళ్ల బరువు కూడా పోతుంది, 10 మీటర్లకి 98 కిలోపాస్కల్స్. మెకానికల్ లోడ్‌ని కూడా అదే టైం ఫంక్షన్‌తో తగ్గించాలి. అది మర్చిపోతే లోపల పోర్ ప్రెషర్ ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపిస్తుంది, స్లోప్ స్టెబిలిటీ లెక్కలు మొత్తం తారుమారు.

ఇంకో మాట, మీ రన్ మొదలయ్యేటప్పుడు లోపల ప్రెషర్ ఎక్కణ్నుంచి వచ్చింది? 30 మీటర్ల లెవెల్‌తో స్టెడీ స్టేట్ రన్ చేసి దాన్ని ఇనీషియల్ కండిషన్‌గా తీసుకోండి. లోపల సున్నాలు పెట్టి బౌండరీకి 30 మీటర్లు ఇస్తే మొదటి స్టెప్‌లోనే మీరు అడగని పెద్ద షాక్ ఒకటి లోపలికి పోతుంది, లెవెల్ దిగడం మొదలయ్యేసరికి కూడా అది సద్దుమణగకపోవచ్చు.

ప్రశ్న: పాత మాడ్‌ఫ్లో (భూగర్భజలాల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) మోడల్‌ని మాడ్‌ఫ్లో 6కి మార్చాను. నది లెవెల్ నెల మొత్తం మెల్లగా పెరిగేది కాస్తా ఇప్పుడు నెల మొదట్లోనే ఒక్క మెట్టు ఎక్కి అలాగే ఉంటోంది.

జవాబు: పాతదాంట్లో సీహెచ్‌డీ ప్యాకేజ్‌కి (బౌండరీలో నీటిమట్టం ఇచ్చేది) స్ట్రెస్ పీరియడ్ (మీకైతే ఒక నెల) మొదట్లో ఎంత హెడ్ (నీటిమట్టం ఎత్తు), చివర్లో ఎంత హెడ్ అని రెండు నంబర్లు ఇచ్చేవాళ్లం, మధ్యలో అదే లీనియర్‌గా కలుపుకునేది. 6లో ఒక్క నంబరే తీసుకుంటుంది, పీరియడ్ అంతా అదే. మీకు పాత ప్రవర్తన కావాలంటే ఆ నంబర్ ఉండేచోట టైం సిరీస్ పేరు పెట్టి, సిరీస్ ఫైల్‌లో ఇంటర్‌పొలేషన్‌ని లీనియర్ అని రాయండి. అన్నిటికీ లీనియర్ పెట్టేయకండి మళ్లీ. గేటు మూయడం తెరవడం లాంటివి స్టెప్‌వైజ్, నీటిమట్టం లాంటివి లీనియర్.

ప్రశ్న: ఓపెన్‌ఫోమ్ అనే ఫ్లో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో బౌండరీ ప్రెషర్‌కి టేబుల్ ఇచ్చాను, 1 బార్ నుంచి 3 బార్లకి. వెలాసిటీ నమ్మలేనంత వస్తోంది.

జవాబు: ప్రెషర్ ఫైల్ పైన డైమెన్షన్స్ లైన్ చూడండి. 1, మైనస్ 1, మైనస్ 2 అని మొదలైతే పాస్కల్స్. 0, 2, మైనస్ 2 అని ఉంటే మీ సాల్వర్ ప్రెషర్‌ని డెన్సిటీతో భాగించి వాడుతోంది, నీళ్లకైతే మీ 1 బార్ అక్కడ 100 అవ్వాలి, 1,00,000 కాదు. టేబుల్ చివరి టైం దాటాక ఏం చేయాలో కూడా మీరే రాసి పెట్టండి, చివరి విలువ పట్టుకుని ఉండాలా, మళ్లీ మొదట్నుంచి తిరగాలా, ఎర్రర్ ఇచ్చి ఆగాలా అని, నేనైతే ఎర్రరే పెడతా. ఇదే సందర్భంలో సెన్సార్ డేటా గురించి కూడా, గాలి ట్యూబ్ లేని లాగర్లు (ప్రెషర్ కొలిచి రాసుకునే సెన్సార్లు) అట్మాస్ఫియర్‌ని కూడా కలిపి కొలుస్తాయి, అది 101 కిలోపాస్కల్స్, నీటి ఎత్తులో 10 మీటర్ల పైమాటే. ఒక బౌండరీకి గేజ్, ఇంకోదానికి ఆబ్సల్యూట్ ఇచ్చిన మోడల్స్‌లో ఫ్లో ఏ దిక్కుకి పోతుందో దేవుడికే తెలియాలి.

ప్రశ్న: అన్నీ మీరు చెప్పినట్టే పెట్టాను, అయినా రిజల్ట్ కరెక్టో కాదో ఎలా నమ్మాలండీ?

జవాబు: మీ అసలు డేటా పక్కన పెట్టి, బౌండరీకి ఒక సైన్ వేవ్ ఇవ్వండి. దీనికి చేత్తో చేసే సమాధానం ఉంది, సముద్రపు పోటుపాట్లకి తీరంలో బావుల నీటిమట్టం ఎలా ఊగుతుందో చెప్పడానికి 1951లో భూగర్భజలాల నిపుణుడు ఫెర్రిస్ వాడింది ఇదే. డిఫ్యూజివిటీని వేవ్ పీరియడ్‌తో గుణించి, π (3.14)తో భాగించి, స్క్వేర్ రూట్ తీయండి, ఒక దూరం వస్తుంది. ఆ దూరం లోపలికి వెళ్లేసరికి ఊపు 37 శాతానికి పడిపోవాలి, ఒక రేడియన్ ఆలస్యంగా రావాలి. మన శాండ్‌స్టోన్‌కి 12.42 గంటల పోటు పీరియడ్ వేస్తే 84 మీటర్లు, ఆలస్యం సుమారు 2 గంటలు. మోడల్ మాత్రం చాలా పొడుగ్గా పెట్టుకోండి, కనీసం 500 మీటర్లు, లేకపోతే అవతలి బౌండరీ నుంచి వచ్చే ప్రభావం కలిసి లెక్క తప్పుతుంది. మొదటి రెండు మూడు సైకిల్స్ వదిలేసి తర్వాతవి కొలవండి. ఊపు సరిగ్గా ఉండి ఆలస్యం తప్పుగా వస్తే టైం స్టెప్‌ని అనుమానించండి, రెండూ తప్పితే యూనిట్లు. ఇది పాస్ అవ్వని మోడల్‌కి నిజం డేటా పెట్టి కాలిబ్రేషన్ మొదలెట్టడం దండగ.

ప్రశ్న: బావి ఉన్న సెల్‌కి ఫిక్స్‌డ్ ప్రెషర్ ఇచ్చి, పంప్ షెడ్యూల్ ప్రకారం దాన్ని మారుస్తున్నాను. గ్రిడ్ సైజు మారిస్తే వచ్చే నీళ్లు మారిపోతున్నాయి. ఎందుకని?

జవాబు: ఎందుకంటే మీరు బావి ప్రెషర్‌ని తీసుకెళ్లి సెల్‌కి ఇచ్చేశారు. రెండూ ఒకటి కాదని 1978లో ఆయిల్ రిజర్వాయర్ సిమ్యులేషన్ నిపుణుడు పీస్‌మన్ చూపించాడు. చదరపు గ్రిడ్‌లో సెల్ ప్రెషర్ అనేది బావి నుంచి సెల్ సైజులో 0.2 వంతు దూరంలో ఉండే ప్రెషర్‌తో సమానం. మీ సెల్ 50 మీటర్లయితే అది 10 మీటర్ల దూరం, బావి రేడియస్ ఏమో 0.1 మీటర్. అంటే మీ లెక్కలో 10 మీటర్ల రేడియస్ ఉన్న బ్రహ్మాండమైన బావి తవ్వినట్టు, గ్రిడ్ 20 మీటర్లు చేస్తే 4 మీటర్ల బావి, నీళ్లు మారక ఏమవుతాయి. సెల్ ప్రెషర్‌ని ఫ్రీగా వదిలేయండి. బావి ప్రెషర్‌కీ సెల్ ప్రెషర్‌కీ తేడా తీసుకుని దాన్ని వెల్ ఇండెక్స్‌తో గుణించి సోర్స్ టర్మ్‌గా ఇవ్వండి, టైంతో మారాల్సింది ఆ బావి ప్రెషర్ మాత్రమే. వెల్ ఇండెక్స్‌లో పర్మియబిలిటీ, లేయర్ మందం, 2π లవంలో ఉంటాయి, విస్కాసిటీ, ఆ రెండు రేడియస్‌ల నిష్పత్తికి లాగరిథమ్ హారంలో ఉంటాయి, 50 మీటర్ల సెల్‌కి ఆ లాగ్ 4.6, 20 మీటర్ల సెల్‌కి 3.7. పంప్ ఆపేసిన టైంలో ప్రెషర్ ఏదో ఒకటి ఇవ్వడం కాదు, ఆ సోర్స్ టర్మ్‌నే తీసేయాలి, లేకపోతే ఆగిపోయిన బావి మీ మోడల్‌లోకి నీళ్లు పంప్ చేస్తూ కూర్చుంటుంది.